రోజువారీ ఒత్తిడికి వ్యాయామం: గోదావరి డెల్టా ఊళ్లలో ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టుకోవాలి

ఒత్తిడి తగ్గడానికి చేసే వ్యాయామానికీ, బరువు తగ్గడానికి చేసే వ్యాయామానికీ లెక్కలు వేరు. బరువు సంగతైతే వారం మొత్తంమీద ఎంత చేశామో చూసుకుంటే సరిపోతుంది. మనసు సంగతి అలా కాదు. ఒకసారి చేసిన వ్యాయామం ఇచ్చే నెమ్మది కొన్ని గంటలే ఉంటుంది. ఆదివారం రెండు గంటలు షటిల్ ఆడి మిగతా ఆరు రోజులు కుర్చీకి అతుక్కుపోతే, సోమవారం మధ్యాహ్నానికి పరిస్థితి మళ్లీ మొదటికొస్తుంది. అందుకని ఇక్కడ చెప్పేదంతా ఒకే పని గురించి: మీకొచ్చే రోజుల్లో అన్నిటికన్నా పాడు రోజున కూడా చేయగలిగినంత చిన్న మోతాదు ఎంచుకోవడం, దాన్ని ఒక వేళకి కట్టేయడం.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి. రొయ్య ధర పడిపోయిందని ఫోనొచ్చినా, ధాన్యంలో తేమ 17 శాతం దాటిందని వెనక్కి పంపినా, పిల్లాడి ఫీజు గడువు దగ్గరపడినా శరీరం చేసే పని ఒకటే. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ వదులుతాయి. గుండె వేగం, బీపీ పెరుగుతాయి, రక్తంలోకి చక్కెర వస్తుంది, మెడ, భుజాలు, దవడ బిగుసుకుంటాయి. ఇదంతా పరిగెత్తడానికో పోట్లాడటానికో జరిగే ఏర్పాటు. మనం మాత్రం ఫోను పట్టుకుని అలాగే కూర్చుంటాం. కాళ్లూ చేతులూ ఆడించినప్పుడు ఆ చక్కెర ఖర్చవుతుంది, బిగిసిన కండ వదులవుతుంది, ఆపాక గుండె మామూలు వేగానికి దిగుతుంది. రోజూ ఇలా ఎక్కి దిగడం అలవాటైన గుండె, కంగారు వచ్చినప్పుడు కూడా త్వరగా దిగడం నేర్చుకుంటుంది. ఇంకో లాభం ఉంది. గుండె దడ, ఆయాసం, చెమట నడకలో రోజూ వస్తుంటే, కంగారులో అవే వచ్చినప్పుడు 'నాకేదో అయిపోతోంది' అన్న భయం తగ్గుతుంది.

"మేం రోజంతా చెరువు గట్టు మీదే తిరుగుతాం, పొలంలోనే ఉంటాం, మళ్లీ వ్యాయామం ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గట్టు మీద పది అడుగులు వేసి ఆగడం, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తడం, మళ్లీ బండెక్కడం... ఇందులో గుండె వేగం పెరిగి పది నిమిషాలు నిలకడగా ఉండే అవకాశమే రాదు. పైగా ఏ విషయం మీద ఒత్తిడి ఉందో దాని మధ్యలోనే తిరుగుతున్నారు. నాట్లకీ కోతకీ వెళ్లేవాళ్లది వేరే మాట. వాళ్ల ఒంటికి శ్రమ చాలు. వాళ్లకి కావలసింది సాయంత్రం పది నిమిషాల నింపాది నడక, కింద చెప్పిన బిగించి వదిలే పద్ధతి.

మొదలుపెట్టే ముందు

బీపీ 180/110 దగ్గరగానో, అంతకు పైనో ఉంటే అది అదుపులోకి వచ్చాకే మొదలుపెట్టండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, నడిస్తే ఛాతీలో బిగుతు వచ్చేవాళ్లు డాక్టరుకి చూపించుకోకుండా ఒక్క అడుగు కూడా జోరుగా వేయకూడదు. షుగరుకి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే నడకలో చక్కెర పడిపోవచ్చు. బయలుదేరే ముందు చూసుకుని, 100 కంటే తక్కువుంటే ఒక చక్కరకేళి అరటిపండు తిని వెళ్లండి. జేబులో మూడు చెంచాల చక్కెర పొట్లం ఉంచుకోండి. చేతులు వణికినా, చల్లచెమట పట్టినా ఆగి అది నోట్లో వేసుకోవాలి. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్లకి ఎంత నడిచినా నాడి పెద్దగా పెరగదు. వాళ్లు చేతి గడియారం చూపించే గుండె వేగాన్ని నమ్ముకోకుండా, కింద చెప్పిన పద్యం పరీక్షతో వేగం చూసుకోవాలి.

చెప్పుల గురించి ఒక్క మాట. హవాయి చెప్పులు జారిపోకుండా కాలివేళ్లు ప్రతి అడుగుకీ బిగించి పట్టుకుంటాయి. రెండో వారానికల్లా మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది. దాంతో నడక ఆగిపోతుంది. మడమ కింద మెత్త ఉన్న బూట్లు తీసుకోండి, ఖరీదైనవే కానక్కర్లేదు. కొనేది సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది.

మొదటి పని: వేళ కుదుర్చుకోవడం

ఉదయం ఐదింటికి లేవడమే గొప్ప అన్న మాట పక్కన పెట్టండి. మీ ఒత్తిడి ఏ వేళకి ముదురుతుందో చూసి, దానికి కాస్త ముందో ఆ వెంటనేనో నడక పెట్టుకోండి.

రొయ్యల చెరువులున్నవాళ్లకి ఉదయం నడక చాలావరకు పొరపాటే. చెరువు నీళ్లలో ప్రాణవాయువు తెల్లవారే ముందు అన్నిటికన్నా తక్కువకి దిగుతుంది కాబట్టి రాత్రి రెండింటి నుంచి ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు), కరెంటు, జనరేటరు చూసుకుంటూ మెలకువగా ఉంటారు. నిద్ర సగమైన ఒంటిని ఐదింటికి మళ్లీ లేపి పరుగులు పెట్టిస్తే ఒత్తిడి పెరుగుతుంది. అలాంటివాళ్లు తెల్లవారాక రెండు గంటలు పడుకుని లేచి, సాయంత్రం ఐదున్నరకి నడవాలి. ఆ వేళకి ఎండ తగ్గి పైరగాలి తోలుతుంది. ఆ రోజు మేత లెక్క, ధర కబురు అప్పటికే తెలిసిపోయి ఉంటాయి.

దుకాణం నడిపేవాళ్లకి తాళం తీసే ముందు వేళ నయం, మూసేసరికి ఒంట్లో ఓపిక మిగలదు. ఆఫీసుకి వెళ్లేవాళ్లు బస్సునో బండినో ఒక స్టాపు ముందే ఆపి ఇంటికి నడిచివస్తే, ఆఫీసు చికాకు గుమ్మం దాటి లోపలికి రాదు. ఇంటి పని చూసుకునే ఆడవాళ్లకి ముగ్గు వేశాక, టిఫిను పొయ్యి మీద పెట్టకముందు ఇరవై నిమిషాలు దొరుకుతుంది. అది దొరక్కపోతే పిల్లలు బడికెళ్లిన వెంటనే. వీధిలోకి వెళ్లడం కుదరకపోతే డాబా మీద ఎనిమిది అంకె ఆకారంలో నడవండి. గుండ్రంగా ఒకే వైపు తిరిగితే తల తిప్పుతుంది, ఒకే మోకాలి మీద భారం పడుతుంది. ఎనిమిదిలో ఆ రెండూ ఉండవు.

పరీక్షలకి చదివే పిల్లలకి సాయంత్రం మంచిది. వాళ్ల తల్లిదండ్రులకి ఒక విన్నపం: ఆ అరగంటని చదువులోంచి పోయిన అరగంటగా లెక్కేయకండి.

రాత్రి ఆలస్యంగా మాత్రం వద్దు. గట్టి వ్యాయామం పడుకోవడానికి కనీసం గంటన్నర ముందే ముగియాలి. ఒంటి వేడి, గుండె వేగం దిగకపోతే నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే పొద్దున చేసిన మేలంతా వృథా అవుతుంది.

రెండో పని: మోతాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దాంతోపాటు రెండు రోజులు కండరాల వ్యాయామం అవసరం. రోజుకి అరగంట చొప్పున వారానికి ఐదు రోజులంటే 150 అయినట్టే. కానీ మొదటి రోజే అరగంట వద్దు. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. ఉత్సాహంతో మొదటిరోజు ఐదు కిలోమీటర్లు నడుస్తారు. ఆ నొప్పి మర్నాటి నుంచి మూడో రోజు వరకు ఉంటుంది, నాలుగో రోజుకి మానేస్తారు. మానేశామన్న బాధ పాత ఒత్తిడికి తోడవుతుంది.

మొదటి వారం పది నిమిషాలు, ఐదు రోజులు. చాలదనిపించినా ఆపేయండి. రెండో వారం పదిహేను, మూడో వారం ఇరవై, నాలుగో వారం ఇరవై ఐదు, ఐదో వారం ముప్పై. వరసగా రెండు రోజులకి మించి ఖాళీ రానివ్వకండి, నెమ్మది నిలవాలంటే ఆ ఒక్క నియమం చాలు. మరీ పాడు రోజున మొదటి వారపు పది నిమిషాలే చేయండి. అది కూడా పూర్తి రోజుగానే లెక్క.

పది వేల అడుగుల లక్ష్యం మీకు అక్కర్లేదు. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్క పరికరం పేరులోంచి వచ్చింది. రాత్రి పదింటికి ఇంకా రెండు వేల అడుగులు మిగిలాయని హాల్లో అటూ ఇటూ తిరిగేవాళ్లు ఉన్నారు. ఒత్తిడి తగ్గించుకోవడానికి పెట్టుకున్న పనే ఒత్తిడి తెచ్చిపెడుతుంటే ఆ లెక్క తీసేయడం మంచిది.

మూడో పని: ఒక్క రోజు నడక ఎలా సాగాలి

మొదటి ఐదు నిమిషాలు సంతకి వెళ్లినట్టు నింపాదిగా నడవండి. భుజాలు రెండుసార్లు చెవుల దాకా ఎత్తి వదిలేయండి. చేతులు వదులుగా ఊగాలి. పిడికిళ్లు బిగించి నడిస్తే మెడ బిగువు అలాగే ఉండిపోతుంది.

తర్వాత వేగం పెంచండి (మొదటి వారం పది నిమిషాల్లో దీనికి చోటుండదు, రెండో వారం నుంచి). పావు నిమిషంలో 25 అడుగులు పడితే నిమిషానికి వంద, అదే మధ్యస్థ వేగం. వేగం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పద్యం పరీక్ష ఉంది. నడుస్తూ వచ్చిన పద్యమేదైనా పైకి చెప్పండి. ఒక్కో పాదం ఊపిరి తెగకుండా చెప్పగలగాలి. నాటకంలోలా రాగం తీయబోతే మాత్రం ఊపిరి చాలకూడదు. రాగం తీయగలిగితే వేగం పెంచండి. పాదం మధ్యలోనే ఆగిపోతే తగ్గించండి. అంతకంటే గట్టిగా చేస్తే ఎక్కువ నెమ్మది వస్తుందనుకోవద్దు. మొదటి నెలలో ఆయాసపడి చేసే పని శరీరానికి మరో ఒత్తిడే.

చివరి ఐదు నిమిషాలు మళ్లీ నింపాదిగా. నాలుగు అడుగులు లెక్కపెడుతూ ముక్కుతో ఊపిరి పీల్చి, ఆరు అడుగులు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగా తగ్గుతుంది. వదలడం పొడవైతే ఆ తగ్గుదల బాగా తెలుస్తుంది. ఈ ఐదు నిమిషాలే చాలామంది ఎగ్గొడతారు. నడక ఆపిన వెంటనే బండెక్కి ఫోను తీస్తారు. ఒత్తిడి కోసం చేసే నడకలో వదులుకోకూడని భాగం అదే.

ఫోను ఇంట్లో వదలడం కుదరకపోతే మోగకుండా చేసి జేబులో పెట్టండి. జట్టుగా నడవడం చాలా మంచిది, మనుషుల తోడు కూడా మందే. కానీ నడిచినంతసేపూ రొయ్య ధర, భూమి తగాదా, రాజకీయం నడిస్తే కాళ్లు నడుస్తున్నా బుర్ర చెరువు దగ్గరే ఉంటుంది. జట్టులో ముందే ఒక కట్టుబాటు పెట్టుకోండి: వెళ్లేటప్పుడు కబుర్లు, తిరిగొచ్చేటప్పుడు మౌనం. నడక అయ్యాక బజ్జీల బండి దగ్గర ఆగే అలవాటు గురించి వేరే చెప్పక్కర్లేదు. టీ ఒక్కటి పర్వాలేదు, సాయంత్రం ఆరు దాటాక అదీ వద్దు.

సైకిలు తొక్కేవాళ్లకి మన నేల వరం, ఎత్తుపల్లాలు లేవు. ఒక్క గాలి సంగతి చూసుకోవాలి. గాలికి ఎదురుగా వెళ్లి గాలివాలుగా తిరిగి రండి. ఉల్టా చేస్తే అలసిపోయాక ఎదురుగాలి తగులుతుంది. కాలువలో ఈత మాత్రం వ్యాయామంగా పెట్టుకోకండి. లాకుల దగ్గర, తూముల దగ్గర పైకి కనపడని లాగుడు ఉంటుంది.

నాలుగో పని: మూడో వారం నుంచి కండకి పని

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విడిచి. జిమ్ము అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు. గోడకి మూరెడు దూరంలో నిలబడి చేతులు ఆనించి ముందుకి వంగి లేవడం పదిసార్లు. మునివేళ్ల మీద లేవడం పన్నెండుసార్లు. ఐదు లీటర్ల నీళ్ల క్యాను చేతికొకటి పట్టుకుని వీపు నిటారుగా ముప్పై అడుగులు. ఇదంతా ఒక చుట్టు. నిమిషం ఆగి రెండో చుట్టు. పావుగంట కూడా పట్టదు. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. అంకెలు పైకి లెక్కపెడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది. సూర్య నమస్కారాలు వచ్చినవాళ్లు వీటి బదులు అవి చేసుకోవచ్చు. నాలుగుతో మొదలుపెట్టి వారానికి రెండు చొప్పున పన్నెండు దాకా పెంచండి.

రాత్రి పడుకున్నాక బిగించి వదిలే పద్ధతి. పాదాలు ఐదు సెకన్లు గట్టిగా బిగించి, పదిహేను సెకన్లు పూర్తిగా వదిలేయండి. తర్వాత పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, దవడ. దవడ దగ్గరకొచ్చేసరికి చాలామందికి తెలుస్తుంది, రోజంతా పళ్లు కొరుకుతూనే ఉన్నామని. కాళ్లు పట్టేసే గుణం ఉన్నవాళ్లు పిక్కలు బిగించకండి.

కాలం మారితే

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండకన్నా ఉక్క ప్రమాదం. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మే నెలలో ఐదున్నరకల్లా పొద్దు పొడుస్తుంది. ఆరుంబావుకి నడక ముగించేయండి. బయలుదేరే ముందు ఒక గ్లాసు నీళ్లు, వచ్చాక చిటికెడు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. తల తిరిగినా వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే నీడకి చేరి ఒంటి మీద నీళ్లు పోసుకుని గాలి తగలనివ్వాలి. మాట తడబడితే, మనిషి అయోమయంగా ఉంటే వడదెబ్బే, 108కి ఫోను చేయాలి. రోహిణి కార్తెలో వేగం ఎప్పటికన్నా తగ్గించుకోవడం బద్ధకం కిందకి రాదు.

వానాకాలంలో కాలువ గట్టు బంకమట్టి జారుడు. అప్పుడు తారు రోడ్డో, బడి ఆవరణో, డాబానో చూసుకోవాలి. గోదావరి ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. నది మధ్యలో ఉండే లంక ఊళ్లవాళ్లకి ఆ రోజుల్లో నడక సాగదు, మనసుకి మాత్రం అప్పుడే దాని అవసరం ఎక్కువ. సామాను సర్దుకోగా మిగిలిన వేళలో నిలబడ్డ చోటే మోకాళ్లు ఎత్తుతూ మూడు నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు చేస్తే గొలుసు తెగదు.

డిసెంబరు, జనవరిలో పొద్దు ఆరున్నరకి గానీ పొడవదు, పొలాల మీద మంచు దట్టంగా ఉంటుంది. హైవే అంచున నడవకండి. ఊరి రోడ్డు మీద కూడా తెల్ల చొక్కా వేసుకుని, ఎదురుగా వచ్చే బళ్లు కనపడేలా కుడివైపున నడవండి. చీకట్లో గట్టు మీదకెళితే టార్చి తప్పనిసరి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. గడ్డి అంచు వదిలి గట్టు నడుమనే నడవాలి.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

గోడ క్యాలెండరు చాలు. నడకకి ముందు మనసు బిగువుకి పదికి ఎంత, తర్వాత ఎంత అని ఆ రోజు గడిలో రెండు అంకెలు వేయండి, 7-4 అని. మొదటి వారం నుంచే రెండో అంకె తగ్గడం కనిపిస్తుంది. అసలు చూడాల్సింది మొదటి అంకె. అది తగ్గడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. అది 7 నుంచి 5కి దిగిందంటే నడక లేని గంటల్లో కూడా మీరు నెమ్మదిగా ఉంటున్నారన్నమాట.

లేవగానే మంచం మీదే నాడి అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసి రాసుకోండి. వరసగా రెండు రోజులు మామూలుకంటే పది ఎక్కువుంటే జ్వరమో, నిద్రలేమో, వ్యాయామం మితిమీరడమో అయి ఉంటుంది. అలాంటప్పుడు తర్వాతి రెండు రోజులు తేలిక నడకే.

కోతల్లోనో, చెరువులో రొయ్యలు పట్టే పనిలోనో రెండు వారాలు పోయాయనుకోండి. ఆపిన చోటు నుంచి కాక, అప్పుడు చేస్తున్న దానిలో సగం నుంచి మొదలుపెట్టి పది రోజుల్లో మునుపటి స్థాయికి రండి.

ఎనిమిది వారాలు క్రమం తప్పకుండా చేసినా మొదటి అంకె కదలకపోతే, లోపం మీ పట్టుదలలో ఉందని అనుకోకండి. రెండు వారాలకి పైగా దేని మీదా ఇష్టం లేకపోవడం, రాత్రి మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, తాగుడు అలవాటు పెరగడం, బతకాలనిపించకపోవడం... ఇవి నడకతో సరిపుచ్చుకునేవి కావు. ప్రభుత్వ టెలీ మానస్ సేవకి 14416 మీద ఏ వేళకైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవవచ్చు. మందులు మొదలుపెట్టినా నడక ఆపక్కర్లేదు, డాక్టరుకి మీ క్యాలెండరు గడులు చూపిస్తే వాళ్లకీ పని సులువవుతుంది.